పరారుణ సాక్ష్యం: యువ నక్షత్రాల సంచయన ఉజ్జ్వలనాల పరిశీలన చరిత్ర

వ్యాససంగ్రహం:
పుట్టుక దశలో ఉన్న కొన్ని నక్షత్రాలు ఉన్నట్టుండి వంద రెట్లకు మించి ప్రకాశించి, కొన్ని నెలలో కొన్ని దశాబ్దాలో ఆ వెలుగును నిలుపుకుంటాయి. 1936లో మొదటిసారి నమోదైన ఈ ఘటనకు తొలి మూడు దశాబ్దాలూ సరైన వివరణ దొరకలేదు. వివరణ దొరికాక కూడా దానిపై వివాదం సమసిపోలేదు. ఈ వివాదంలో పరారుణ పరిశీలనలు ఎప్పుడు ప్రవేశించాయి, అవి ఏ వాదాన్ని నిలబెట్టాయి, ఏ ప్రశ్నలను తెరిచి ఉంచాయి అన్న అంశాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరారుణ ఖగోళశాస్త్రం, యువ నక్షత్రాలు, పదార్థ సంచయనం, ఎఫ్‌యు ఓరియనిస్, జార్జ్ హెర్బిగ్, స్పిట్జర్, పరిశీలన చరిత్ర.

1. మృగశిరకూ ఆర్ద్రకూ నడుమ

తెలుగువారు మృగశిర అని పిలిచే మూడు చిన్న చుక్కల గుంపుకూ, ఎర్రగా మెరిసే ఆర్ద్రకూ నడుమ, కంటికి ఆనని ఒక నక్షత్రం ఉంది. మృగశిర కార్తెలో సూర్యుడు ఆ దిక్కుననే ఉంటాడు కనుక, తొలకరి వానల కోసం రైతు ఆకాశం వైపు చూసే రోజుల్లో ఆ చోటు పగటి వెలుగులో మునిగి ఉంటుంది. చలికాలపు రాత్రుల్లో మాత్రం అది నడినెత్తికి వస్తుంది. 1936కు ముందు ఆ నక్షత్రాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నవారు లేరు. పాత ఛాయాచిత్ర ఫలకాల మీద అది 16వ ప్రకాశ పరిమాణపు మసక చుక్క మాత్రమే. 1936-37లో, ఒక సంవత్సరం లోపే, అది ఆరు పరిమాణాలు పెరిగింది. అంటే సుమారు రెండువందల యాభై రెట్లు.

జర్మనీలో హాంబర్గ్ సమీపాన ఉన్న బెర్గెడార్ఫ్ వేధశాలకు చెందిన ఆర్నో ఆర్థర్ వాఖ్‌మన్ 1939లో ఈ మార్పును ప్రకటించాడు. దానికి ఎఫ్‌యు ఓరియనిస్ అని పేరు వచ్చింది. ఉన్నట్టుండి వెలిగిన నక్షత్రాన్ని చూడగానే ఆ కాలపు ఖగోళజ్ఞులకు తోచేది నోవా. అయితే నోవా కొన్ని రోజుల్లో ఉచ్ఛస్థితికి చేరి కొన్ని నెలల్లో చల్లారిపోతుంది. ఇది చల్లారలేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది, దేశాలు స్వతంత్రమయ్యాయి, మనుషులు చంద్రుని మీద దిగారు. ఆ నక్షత్రం దాదాపు అదే వెలుగుతో ఉంది. నేటికీ చాలా నెమ్మదిగా మాత్రమే తగ్గుతోంది.

దాని దూరం సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. 1936లో వాఖ్‌మన్ ఫలకం మీద పడిన వెలుగు అక్కడినుంచి బయలుదేరిన కాలం, రేనాటి చోళుల తొలి తెలుగు శాసనాలు వెలువడిన కాలానికి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కలమళ్ల శాసనాన్ని చదివే శాసన పరిశోధకుడికీ, ఆ ఫలకాన్ని చదివే ఖగోళ పరిశోధకుడికీ ఎదురయ్యే ఇబ్బంది కూడా ఒక విధంగా సమానమే. సాక్ష్యం ఒక్కటే, సందర్భం తెలియదు, పోల్చుకోవడానికి రెండో ప్రతి లేదు.

2. విస్ఫోటనమా, ఉజ్జ్వలనమా?

ముందుకు పోయే ముందు పరిభాష గురించి ఒక మాట అవసరం. తెలుగు పత్రికలు ఇటువంటి ఘటనలను సాధారణంగా విస్ఫోటనం అనే మాటతో వ్యవహరిస్తాయి. ఆ మాట ఇక్కడ పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ ఏదీ పగలదు, బయటకు చెదిరిపోయేది ప్రధానం కాదు. జరిగేది దానికి తలకిందులు. నక్షత్రం చుట్టూ తిరుగుతున్న వాయువూ ధూళీ అసాధారణ వేగంతో నక్షత్రం మీద వచ్చి పడతాయి, ఆ పడే క్రమంలో వేడెక్కి వెలుగుతాయి. పోగుపడటం ఇక్కడి క్రియ. అందుకే ఈ వ్యాసంలో పదార్థం పోగుపడటానికి సంచయనం అనీ, దానివల్ల కలిగే వెలుగు పెరుగుదలకు ఉజ్జ్వలనం అనీ వ్యవహరించడం జరిగింది. ఇది పండితుల పదవ్యసనం కాదు. తొలి మూడు దశాబ్దాలూ శాస్త్రజ్ఞులు సైతం ఈ ఘటనను నక్షత్రం లోపలినుంచి బయటకు వచ్చినదిగానే ఊహించారు. మాట ఊహను ఎటు నడిపిస్తుందో ఈ చరిత్రే చెబుతుంది.

పరారుణం అనే మాటకు మాత్రం ఇబ్బంది లేదు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు ఆవల, కంటికి ఏమీ కనబడని చోట ఉష్ణమాపకాన్ని ఉంచి, అక్కడ వేడి ఉందని గుర్తించాడు. అరుణానికి ఆవలిది కనుక పరారుణం. నక్షత్రాలు పుట్టే మేఘాలలోని ధూళి దృశ్యకాంతిని అడ్డుకుంటుంది. పరారుణ కాంతి ఆ ధూళిని చాలావరకు దాటి వస్తుంది. పైగా ఆ ధూళి తానే వేడెక్కి పరారుణంలో వెలుగుతుంది. కాబట్టి పురిటిగదిలోకి తొంగిచూడటానికి ఇంతకన్నా అనువైన కిటికీ లేదు. ఆ కిటికీ ఆలస్యంగా తెరుచుకుంది. సున్నితమైన పరారుణ గ్రాహకాలు ఖగోళజ్ఞుల చేతికి వచ్చింది 1960ల దశకంలోనే. మెక్సికో శాస్త్రజ్ఞుడు యుజెనియో మెండోజా 1966లో, టి టౌరి తరగతి యువ నక్షత్రాలు వాటి ఉపరితల ఉష్ణోగ్రతను బట్టి ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ పరారుణ కాంతిని ఇస్తున్నాయని చూపాడు. ఈ అదనపు వెలుగు ఎక్కడిదన్న ప్రశ్న అప్పటికి తేలలేదు.

3. హంసరాశిలో రెండో సాక్ష్యం

1966లోనే లిక్ వేధశాలకు చెందిన జార్జ్ హెర్బిగ్ ఎఫ్‌యు ఓరియనిస్ గురించి సుదీర్ఘమైన వ్యాఖ్యానం ప్రచురించాడు. ఇది నోవా కాదు, అత్యంత యువ నక్షత్రమని అతడు నిర్ధారించాడు. దాని చుట్టూ ఉన్న చీకటి మేఘం, దానితోపాటు వెలుగులోకి వచ్చిన వంకర నీహారిక అందుకు ఆధారాలు. అయితే ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టడం ఎంత ప్రమాదమో హెర్బిగ్‌కు తెలుసు. ఇది నక్షత్ర జననంలో ఒక్కసారి జరిగే సంఘటనా, మళ్ళీ మళ్ళీ జరిగేదా అన్నది అప్పుడు తేల్చలేని విషయం.

జవాబు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. హంసరాశిలో ఉత్తర అమెరికా నీహారిక అని పిలిచే మేఘంలో ఒక నక్షత్రం 1969-70లో 16వ పరిమాణం నుంచి 10వ పరిమాణానికి ఎదిగింది. స్వీడన్‌కు చెందిన గున్నార్ వెలిన్ దీనిని గుర్తించాడు. వి1057 సిగ్ని అన్నది దీని పేరు. ఈసారి ఒక అదృష్టం కలిసివచ్చింది. అదే నక్షత్రపు వర్ణపటాన్ని హెర్బిగ్ స్వయంగా 1958 నాటికే ప్రకటించి ఉన్నాడు. ఉజ్జ్వలనానికి ముందు అది మామూలు టి టౌరి నక్షత్రంలా కనిపించింది. అంటే ఇది ప్రథమ జననం కాదు. అప్పటికే పుట్టి, ఒక స్థాయికి ఎదిగిన నక్షత్రానికి పట్టిన జ్వరం. వెలిగిన తరువాత అదే నక్షత్రం వర్ణపటంలో మరో జాతి నక్షత్రంగా, అతిబృహత్తారగా కనిపించింది.

గ్రంథ పరిష్కరణలో ఒక పూర్వప్రతి దొరకడం ఎంత మార్పు తెస్తుందో తెలుగు పరిశోధకులకు వివరించనక్కరలేదు. 1958 నాటి ఆ ఒక్క వర్ణపటం అటువంటి పూర్వప్రతి. దాని ఆధారంగానే ఈ ఘటన పునరావృతమవుతుందన్న అభిప్రాయం బలపడింది. సోవియట్ ఆర్మేనియాలోని బ్యురకాన్ వేధశాలకు చెందిన విక్టర్ అంబర్‌త్సుమియన్ ఈ తరగతికి ‘ఫూఓర్’ అన్న పేరు సూచించాడు. హెర్బిగ్ 1977లో, అప్పటికి తెలిసిన కొద్దిపాటి ఉదాహరణలనూ, సమీప ఆకాశంలోని యువ నక్షత్రాల సంఖ్యనూ లెక్కించి, ప్రతి యువ నక్షత్రమూ సగటున సుమారు పదివేల ఏళ్లకొకసారి ఇలా వెలుగుతుందని అంచనా కట్టాడు. ఈ పదివేల అంకెను గుర్తుంచుకోవాలి. తరువాతి పరారుణ పరిశీలనలు దాన్ని నిలవనివ్వలేదు.

వి1057 సిగ్ని వెలిగిన కాలానికి పరారుణ గ్రాహకాలు సిద్ధంగా ఉన్నాయి. 1971లోనే మార్టిన్ కోహెన్, నెవిల్ వూల్ఫ్ దానిని పరారుణంలో కొలిచారు. ఆ నక్షత్రం పరారుణంలో అసాధారణంగా ప్రకాశిస్తోందని తేలింది. ఉజ్జ్వలన దశలో ఉన్న యువ నక్షత్రాన్ని పరారుణంలో చూసిన తొలినాటి అడుగుల్లో అది ఒకటి. కానీ ఆ వెలుగును అప్పటివారు నక్షత్రం చుట్టూ ఆవరించిన ధూళి కప్పు అని చదివారు. చూసింది సరైనదే, చదివిన తీరు మారడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

4. ఒకే నక్షత్రం, రెండు రూపాలు

1978లో జెరెమీ మౌల్డ్, అతని సహచరులు ఎఫ్‌యు ఓరియనిస్, వి1057 సిగ్నిల పరారుణ వర్ణపటాలను పరిశీలించి ఒక విచిత్రాన్ని నమోదు చేశారు. దృశ్యకాంతిలో చూస్తే ఇవి ఆరేడు వేల డిగ్రీల వేడి ఉన్న పసుపు అతిబృహత్తారలు. రెండు మైక్రాన్ల పరారుణంలో చూస్తే కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి శోషణ పట్టీలు స్పష్టంగా ఉన్నాయి. ఈ పట్టీలు చల్లని వాయువుకు గుర్తు. ఒకే వస్తువు ఒక తరంగదైర్ఘ్యంలో వేడి నక్షత్రంగా, మరో తరంగదైర్ఘ్యంలో చల్లని నక్షత్రంగా కనిపించడం మామూలు నక్షత్రానికి అసాధ్యం.

హార్వర్డ్-స్మిత్‌సోనియన్ కేంద్రంలో పనిచేస్తున్న లీ హార్ట్‌మన్, స్కాట్ కెన్యన్ 1985లో ఇచ్చిన వివరణ ఈ విచిత్రాన్నే ఆధారం చేసుకుంది. మనం చూస్తున్నది నక్షత్రాన్ని కాదు, దాని చుట్టూ తిరిగే పదార్థ చక్రాన్ని అని వారు ప్రతిపాదించారు. నక్షత్రానికి దగ్గరగా ఉన్న లోపలి వలయాలు విపరీతంగా వేడెక్కి దృశ్యకాంతినిస్తాయి. దూరంగా ఉన్న వలయాలు చల్లగా ఉండి పరారుణాన్నిస్తాయి. వేడి నక్షత్రమూ చల్లని నక్షత్రమూ రెండూ ఒకే చక్రంలోని రెండు మండలాలు. చక్రపు వెలుగు నక్షత్రపు వెలుగును వందల రెట్లు మించిపోవడంతో అసలు నక్షత్రం కనబడకుండా పోయింది.

ఈ ప్రతిపాదనకు ఒక పరీక్ష ఉంది. సూర్యుని చుట్టూ బుధుడు వేగంగా, శని నెమ్మదిగా తిరిగినట్టే, చక్రంలోనూ లోపలి వలయం వేగంగా, వెలుపలి వలయం నెమ్మదిగా తిరగాలి. వేగం ఎక్కువైతే వర్ణపటంలోని రేఖలు వెడల్పవుతాయి. కాబట్టి దృశ్యకాంతిలోని రేఖలకంటే పరారుణంలోని రేఖలు సన్నగా ఉండాలి. కొలిచి చూస్తే అలాగే ఉన్నాయి. సాధారణ నక్షత్రమైతే ఏ తరంగదైర్ఘ్యంలో చూసినా దాని భ్రమణవేగం ఒక్కటే కావాలి. ఈ భేదాన్ని బయటపెట్టే శక్తి దృశ్యకాంతికి ఒంటరిగా లేదు. ఈ వాదంలో పరారుణం అదనపు సమాచారం కాదు, నిర్ణాయక సాక్ష్యం.

చక్రం నుంచి నక్షత్రం మీదకు పడే పదార్థం ఎంత? మామూలు టి టౌరి నక్షత్రం ఏడాదికి సూర్యుని ద్రవ్యరాశిలో పదికోట్ల వంతు, మహా అయితే కోటి వంతు మాత్రమే తీసుకుంటుంది. ఎఫ్‌యు ఓరియనిస్ స్థితిలో ఆ పరిమాణం ఏడాదికి పదివేల వంతుకు చేరుతుంది. ఆ లెక్కన ఒక శతాబ్దం సాగితే సూర్యునిలో నూరో వంతు, అంటే దాదాపు పది గురుగ్రహాల పదార్థం, నక్షత్రంలో కలుస్తుంది. వెయ్యి రెట్లకు పైగా పెరిగే ఈ ప్రవాహం ఎందుకు మొదలవుతుందో చెప్పడానికి అనేక నమూనాలు వచ్చాయి. అన్నింటికీ మూలమైన ఊహ ఒక్కటే: చెరువులో నీరు చేరుతున్నంత వేగంగా తూము దాన్ని వదలడం లేదు. నీరు నిండుతూ పోయి ఒకనాడు కట్టకు గండి పడుతుంది. గండి ఎక్కడ పడుతుందన్న దగ్గరే నమూనాల మధ్య విభేదం. నక్షత్రానికి అతి దగ్గరగా, ఉదజని అయనీకరణ చెందే చోట మొదలవుతుందని ఒక పక్షం. ఇంకా దూరాన, చక్రం తన బరువుకు తానే కలత చెందే చోట పేరుకున్న పదార్థం లోపలికి దొర్లుకుంటూ వస్తుందని మరో పక్షం. పక్కనే తిరిగే జంట నక్షత్రం కదిలించి ఉండవచ్చునని మూడో పక్షం. ఎఫ్‌యు ఓరియనిస్‌కు అటువంటి తోడు ఉన్నట్టు 2004లో పరారుణ చిత్రాల వల్లనే తెలిసింది. ఆ తోడు నక్షత్రం వెలిగిన నక్షత్రం కంటే బరువైనదని తరువాత తేలడం ఈ కథలో మరో వింత.

5. హెర్బిగ్ అభ్యంతరం

ఈ చక్రవాదాన్ని హెర్బిగ్ అంగీకరించలేదు. ఈ రంగానికి పునాది వేసినవాడే దాని ప్రధాన సిద్ధాంతాన్ని సందేహించడం పాఠ్యపుస్తకాలలో సాధారణంగా ఒక వాక్యంతో దాటవేయబడుతుంది. అది న్యాయం కాదు. 2003లో, ఎనభై మూడేళ్ల వయసులో, పీటర్ పెట్రోవ్, రుడాల్ఫ్ డ్యూమ్లర్‌లతో కలిసి అతడు ఎఫ్‌యు ఓరియనిస్ తరగతి నక్షత్రాల సూక్ష్మ వర్ణపటాలను ప్రచురించాడు. దృశ్యకాంతి పరిధిలో రేఖల వెడల్పు తరంగదైర్ఘ్యాన్ని బట్టి చక్రవాదం చెప్పినట్టు మారడం లేదన్నది అతని ప్రధాన వాదం. చక్రం అక్కరలేదు, వేగంగా తిరిగే ఒక నక్షత్రమూ దాని పైన చల్లని వాయుపొరా ఉంటే చాలునని అతని పక్షం.

ఈ వాదానికి ప్రత్యుత్తరం మళ్ళీ పరారుణం నుంచే వచ్చింది. 2004లో హార్ట్‌మన్, కెన్నెత్ హింకిల్, నురియా కాల్వెట్ కార్బన్ మోనాక్సైడ్ రేఖలను మరింత సూక్ష్మంగా కొలిచి, అవి దృశ్యకాంతి రేఖలకంటే సన్నగా ఉన్నాయని పునరుద్ఘాటించారు. అంతకు ముందే, 1998లో, ఫాబియెన్ మాల్బే బృందం పాలొమార్ పర్వతం మీద రెండు చిన్న దూరదర్శినుల పరారుణ కాంతిని కలిపి ఎఫ్‌యు ఓరియనిస్ వెలిగే ప్రాంతపు పరిమాణాన్ని నేరుగా కొలిచింది. ఆ కొలత నక్షత్రానికి పొసగదు, చక్రానికి పొసగుతుంది.

అయినా హెర్బిగ్ వాదం వృథా పోలేదనే చెప్పాలి. దృశ్యకాంతి రేఖలలో అతడు చూపిన అసంగతాలు నిజమైనవే. వాటిని వివరించే ప్రయత్నంలోనే చక్రం మీదుగా వీచే బలమైన గాలులను చక్రవాదులు తమ నమూనాలో లోతుగా పరిశీలించవలసి వచ్చింది. పూర్వపక్షం బలంగా ఉంటేనే సిద్ధాంతం గట్టిపడుతుందన్నది మన శాస్త్రచర్చల సంప్రదాయమే. హెర్బిగ్ 2013లో మరణించాడు.

6. లెక్కకు అందని వెలుగు

ఒకటి రెండు నక్షత్రాల వింత కథగా మిగిలిపోయేదాన్ని నక్షత్ర జనన సిద్ధాంతానికే కేంద్రంలోకి తెచ్చింది ఉపగ్రహ పరారుణ దూరదర్శినులు. 1983లో ఐరాస్ ఉపగ్రహం పది నెలల పాటు ఆకాశాన్ని పరారుణంలో చుట్టివచ్చింది. ఆ సమాచారంతో 1990లో కెన్యన్, హార్ట్‌మన్, స్ట్రామ్ దంపతులు వృషభరాశి మేఘంలోని శిశు నక్షత్రాలను లెక్కించారు. సిద్ధాంతం చెప్పిన వెలుగులో అవి పదో వంతు మాత్రమే ఇస్తున్నాయి. ఒక నక్షత్రం కొన్ని లక్షల ఏళ్లలో తన బరువు పోగుచేసుకోవాలంటే సగటున ఇంత పదార్థం పడాలి, అంత పదార్థం పడితే ఇంత వెలుగు రావాలి. ఆ వెలుగు లేదు. జీతం చూస్తే చిన్నది, ఆస్తి చూస్తే పెద్దది. మధ్యలో ఎప్పుడో ఒక్కసారిగా సొమ్ము వచ్చి పడుతూ ఉండాలి. ఫూఓర్‌ల ఉజ్జ్వలనాలే ఆ సొమ్ము కావచ్చునని ఆ పరిశోధకులు సూచించారు.

2003లో ప్రయోగించిన స్పిట్జర్ దూరదర్శిని ఈ సమస్యను తీర్చకపోగా తీవ్రం చేసింది. అది మరింత మసక నక్షత్రాలను చూడగలిగింది కనుక, తక్కువ వెలుగు ఉన్నవి ఇంకా ఎక్కువగా బయటపడ్డాయి. 2009లో నీల్ ఎవాన్స్ బృందం అయిదు సమీప మేఘాలలోని వెయ్యికి పైగా యువ వస్తువులను విశ్లేషించి, తమ అంచనా ప్రకారం ఒక నక్షత్రం తన ద్రవ్యరాశిలో సగాన్ని ఆ దశ కాలంలో ఏడు శాతంలోనే తీసుకుంటూ ఉండవచ్చునని చెప్పింది. నక్షత్రం నిలకడగా ఎదుగుతుందన్న పాత చిత్రం దీనితో చెదిరింది. అది ఉపవాసాలు, విందుల మధ్య ఎదుగుతుంది.

7. ఇఎక్స్ లూపి స్ఫటికాలు

దీర్ఘకాలం వెలిగే ఫూఓర్‌లకు భిన్నంగా కొన్ని నెలలు వెలిగి చల్లారి, కొన్నేళ్లకు మళ్ళీ వెలిగే నక్షత్రాలను హెర్బిగ్ 1989లో వేరే తరగతిగా గుర్తించాడు. వాటికి ఆదర్శం వృకరాశిలోని ఇఎక్స్ లూపి. 2008 జనవరిలో అది సుమారు వంద రెట్లు వెలిగినట్టు న్యూజిలాండ్ ఔత్సాహిక పరిశీలకుడు ఆల్బర్ట్ జోన్స్ తెలిపాడు. స్పిట్జర్ వెంటనే దానివైపు తిరిగింది. అదృష్టవశాత్తు 2005లో, ఆ నక్షత్రం నిద్రాణంగా ఉన్నప్పుడు, అదే పరికరంతో దాని వర్ణపటం తీసి ఉంది.

రెండింటినీ పోల్చిన హంగరీ శాస్త్రజ్ఞుడు పీటర్ ఆబ్రహామ్ బృందం 2009లో నేచర్ పత్రికలో ప్రకటించిన ఫలితం ఈ చరిత్ర మొత్తంలో అత్యంత ఆసక్తికరమైనది. 2005లో పది మైక్రాన్ల వద్ద ధూళి నిరాకారమైన సిలికేట్ మాత్రమే. 2008 ఏప్రిల్‌లో అదే చోట ఫోర్స్‌టెరైట్ స్ఫటికాల గుర్తులు ఉన్నాయి. నిరాకార ధూళి సుమారు వెయ్యి డిగ్రీలకు వేడెక్కితే స్ఫటికమవుతుంది. ఉజ్జ్వలనం చక్రపు ఉపరితలాన్ని అంతగా కాల్చింది, మూడు నెలలలో. ఖనిజం రూపుదిద్దుకోవడం ఒక నక్షత్రం చుట్టూ జరుగుతుండగా మనుషులు చూడటం అదే మొదటిసారి.

దీని ప్రాముఖ్యం మన సౌరకుటుంబానికి సంబంధించినది. తోకచుక్కలు అతి చల్లని ప్రదేశంలో పుట్టినవి. అయినా వాటిలో స్ఫటిక సిలికేట్లు ఉన్నాయి. వైల్డ్-2 తోకచుక్క ధూళిని స్టార్‌డస్ట్ నౌక 2006లో భూమికి తెచ్చినప్పుడు వాటిని చేతికి అందే దూరంలో పరిశీలించడమూ సాధ్యమైంది. మంచుముద్దలో కాలిన ఖనిజం ఎలా చేరింది? మన సూర్యుడూ బాల్యంలో ఇలా వెలిగి ఉంటే, అప్పుడు కాలిన ధూళి వెలుపలికి కొట్టుకుపోయి ఉండవచ్చు. 2022లో జేమ్స్ వెబ్ దూరదర్శినితో ఆగ్నెస్ కోష్పాల్ బృందం ఇఎక్స్ లూపిని మళ్ళీ చూసినప్పుడు, స్ఫటికాలు ఇప్పుడు నక్షత్రానికి మరింత దూరాన, చల్లని మండలంలో కనిపించాయి. సూర్యుని విషయంలో ఇది ఊహగానే ఉంది. ఇఎక్స్ లూపి విషయంలో మాత్రం ప్రయాణం నమోదైంది.

8. కంటికి ఎన్నడూ కనబడనివి

దట్టమైన మేఘపు గర్భంలో జరిగే ఉజ్జ్వలనం దృశ్యకాంతిలో అసలు కనబడదు. 1995లో సర్పరాశిలోని మేఘంలో క్లాస్ హోడాప్ గుర్తించిన ఓఓ సెర్పెంటిస్ అటువంటిది. సమీప పరారుణంలో వెలిగింది, దృశ్యకాంతికి దాని ఉనికే లేదు. ఓరియన్ మేఘంలోని హాప్స్ 383 ఇంకా పసిది. దాని 24 మైక్రాన్ల వెలుగు 2004కూ 2008కీ మధ్య ముప్ఫై అయిదు రెట్లు పెరిగినట్టు ఎమిలీ శాఫ్రన్ బృందం 2015లో తేల్చింది. సంఘటన జరిగిన కాలానికీ కనుగొన్న కాలానికీ మధ్య దాదాపు పదేళ్లు. ఎవరూ ఆకాశంలో దాన్ని చూసి కేక వేయలేదు. పాత కొలతలనూ కొత్త కొలతలనూ పక్కపక్కన పెట్టినప్పుడు అది బయటపడింది. 2017 నాటికి ఆ వెలుగు చల్లారిపోయింది.

ఇటువంటి ఉదాహరణలు పెరిగేకొద్దీ హెర్బిగ్ చెప్పిన పదివేల ఏళ్ల అంకె కదలసాగింది. స్పిట్జర్, వైజ్ కొలతలను పోల్చి విలియం ఫిషర్ బృందం 2019లో ఓరియన్‌లోని శిశు నక్షత్రాలకు సుమారు వెయ్యేళ్లకొక ఉజ్జ్వలనం అని అంచనా వేసింది. 2022లో వాఫా జక్రి బృందం కేవలం అతి పసి నక్షత్రాలను తీసుకుని దాన్ని సుమారు నాలుగు వందల ఏళ్లకు తగ్గించింది. ఈ అంకెలను ఒకదానికొకటి విరుద్ధమని భావించడం పొరపాటు. హెర్బిగ్ లెక్కించినది మేఘం నుంచి బయటపడిన నక్షత్రాలను, వీరు లెక్కించినది మేఘంలో మునిగి ఉన్నవాటిని. అయితే ఈ కొత్త అంచనాలు రెండు మూడు ఉజ్జ్వలనాల మీద ఆధారపడినవే. వాటి అనిశ్చితి చాలా పెద్దది. ఫిషర్ బృందం ఇచ్చిన పరిధి ఏడు వందల ఏళ్ల దగ్గర మొదలై నలభై వేల ఏళ్లను దాటుతుంది. వెయ్యి అన్న అంకెను మాత్రమే ఉటంకించి పరిధిని వదిలివేసే అలవాటు వ్యాసకర్తలలో ఉంది. అది సాక్ష్యానికి అన్యాయం.

గండి ఎక్కడ పడుతుందన్న పాత వివాదానికీ పరారుణ కొలతలు కొంత ఆధారం చూపాయి. 2007లో ఝావోహువాన్ ఝూ బృందం స్పిట్జర్ వర్ణపటంతో ఎఫ్‌యు ఓరియనిస్ చక్రంలో వేడి మండలం, సూర్యునికీ భూమికీ ఉన్న దూరంలో సగం నుంచి పూర్తి దూరం వరకూ విస్తరించి ఉందని చూపింది. గండి నక్షత్రం పక్కనే పడుతుందన్న పక్షానికి ఇది చాలా పెద్ద పరిమాణం. 2018లో లిన్ హిల్లెన్‌బ్రాండ్ బృందం ప్రకటించిన గాయా17బిపిఐ మరో కోణం చూపింది. ఆ నక్షత్రం దృశ్యకాంతిలో వెలగడానికి ఏడాదిన్నర ముందే పరారుణంలో వెలగడం మొదలైనట్టు నియోవైజ్ కొలతలలో ఉంది. చల్లని వెలుపలి వలయం ముందు, వేడి లోపలి వలయం తరువాత. కట్ట తెగిన నీరు దూరంనుంచి లోపలికి వస్తున్న దృశ్యమే అది. ఒక్క నక్షత్రంతో వివాదం ముగిసిందని అనలేం కానీ, వరుస ఏమిటో నమోదైన అరుదైన సందర్భమిది.

9. హాన్లే నుంచి

2004 జనవరిలో అమెరికాలోని కెంటకీకి చెందిన ఔత్సాహికుడు జే మెక్‌నీల్ మూడంగుళాల చిన్న దూరదర్శినితో ఓరియన్‌లో, పాత చిత్రాలలో లేని ఒక నీహారికను గుర్తించాడు. దాని మూలంలో ఉన్నది వి1647 ఓరియనిస్ అనే యువ నక్షత్రం. పాత ఫలకాలు వెదికితే 1966-67లోనూ ఆ నీహారిక వెలిగినట్టు తేలింది. రెండేళ్లలో చల్లారిన ఆ నక్షత్రం 2008లో మళ్ళీ వెలిగింది. ఫూఓర్ అందామంటే త్వరగా చల్లారింది, ఇఎక్స్ లూపి తరగతి అందామంటే వర్ణపటం పూర్తిగా పొసగలేదు. హెర్బిగ్ గీసిన రెండు గళ్ల పటంలో ఇమడని నక్షత్రాలు చాలా ఉన్నాయని ఆ తరువాత విస్తృత పరారుణ సర్వేలు ధ్రువీకరించాయి.

ఈ రెండో ఉజ్జ్వలనాన్ని 2008 సెప్టెంబరు నుంచి 2013 మార్చి వరకు దీర్ఘంగా వెంబడించినవారిలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన జె.పి. నినాన్, డి.కె. ఓఝా బృందం ఒకటి. లడఖ్‌లో సుమారు 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో ఉన్న రెండు మీటర్ల హిమాలయ చంద్ర దూరదర్శిని, పూణే సమీపంలోని గిరవలి వేధశాల వారి ప్రధాన సాధనాలు. గాలిలోని నీటి ఆవిరి పరారుణాన్ని మింగివేస్తుంది. హాన్లేలాంటి ఎత్తైన పొడి ఎడారి ఈ పనికి అందుకే అవసరం. మన దేశంలో ఇటువంటి పరిశీలనకు అవకాశం వర్షాకాలంలో సన్నగిల్లుతుంది. ఓరియన్ సూర్యుని చాటున ఉండే కాలమూ దాదాపు అప్పుడే కావడం పరిశీలకులకు కొంత ఊరట.

10. పూర్వప్రతుల ప్రశ్న

పై కథనంలో ప్రతి మలుపు దగ్గరా ఒక పాత కొలత ఉంది: 1958 నాటి వర్ణపటం, 2005 నాటి స్పిట్జర్ పరిశీలన, 1966-67 ఫలకాలు. వాటిని తీసినవారికి తాము ఏమి భద్రపరుస్తున్నామో తెలియదు. ఎఫ్‌యు ఓరియనిస్‌నే తీసుకుంటే, 2004లో స్పిట్జర్, 2016లో సోఫియా విమాన వేధశాల తీసిన కొలతలను పోల్చినప్పుడు మధ్య పరారుణంలో హ్రస్వ తరంగదైర్ఘ్యాల వెలుగు పన్నెండు పదమూడు శాతం తగ్గింది. ఎనభై ఏళ్ల తరువాత ఆ విందు సన్నగిల్లుతోందనడానికి అదొక సూచన. ఆ తగ్గుదల ఏ వేగంతో సాగుతుందో తెలియాలంటే మరో కొలత, ఆ తరువాత మరో కొలత కావాలి.

ఆ కొలతలు తీసే సాధనాలు ఒక్కొక్కటిగా నిలిచిపోతున్నాయి. స్పిట్జర్ 2020 జనవరిలో ఆగింది. సోఫియా 2022లో నేలకు దిగింది. పదేళ్లకు పైగా ప్రతి ఆరు నెలలకూ మొత్తం ఆకాశాన్ని మధ్య పరారుణంలో చుట్టివచ్చి, గాయా17బిపిఐ వంటి నక్షత్రాల చరిత్రను యథాలాపంగా రాసిపెట్టిన నియోవైజ్ 2024 ఆగస్టులో మూగబోయింది. జేమ్స్ వెబ్ చూపు ఎంత సూక్ష్మమైనా అది ఎంచుకున్న చోటును మాత్రమే చూస్తుంది. ఆకాశమంతటినీ కాపలా కాయదు. 2025 మార్చిలో ప్రయోగించిన స్ఫీరెక్స్ ప్రతి ఆరు నెలలకొకసారి ఆకాశాన్ని అయిదు మైక్రాన్ల వరకు నమోదు చేస్తోంది. హాప్స్ 383 ఉజ్జ్వలనం బయటపడినది 24 మైక్రాన్ల దగ్గర. ఆ తరంగదైర్ఘ్యంలో మొత్తం ఆకాశాన్ని క్రమం తప్పకుండా చూస్తున్న దూరదర్శిని ప్రస్తుతం ఒక్కటీ లేదు.